ఎవరి చేతి అతుకు

"ఆ రేకు మీద చెయ్యి పెట్టి చెప్పన్నా, అది నువ్వు పెట్టిన అతుకు కాదని!"

కిరణ్ గొంతు వీధిలోకి వినిపించింది. పక్కింటి ప్రహరీ దగ్గర పళ్ళు తోముకుంటున్న ఇద్దరూ తోమడం ఆపేశారు. పొద్దున ఏడింటికే ఇంత వినోదం వాళ్ళకి ఈ మధ్య దొరకలేదు మరి.

నరేష్ పీట మీద కూర్చుని ఇడ్లీని చిదుపుతున్నాడే తప్ప నోట్లో పెట్టుకోవడం లేదు. వంటింటి గడపలో చట్నీ గిన్నెతో నిలబడిపోయిన తనూజకి మరిది అరుపు కంటే మొగుడి మౌనమే ఎక్కువ భయం పుట్టించింది. తప్పు చేయని మనిషి ఇంతసేపు ఊరుకుంటాడా?

నిన్న సాయంత్రం పొదిలి నుంచి పద్మజ టీచరు వచ్చి కారును వీళ్ళ రిపేరు షెడ్డు ముందు వదిలేసి, బస్సెక్కి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఆ కారు ఎడమవైపు వెనక తలుపు అడుగున తుప్పు పట్టిన ముక్క కోసేసి, కొత్త రేకు అతికి ఇచ్చి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. అప్పుడే అతుకు మీద నున్నగా పూసిన లప్పం పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. దాని కింద రేకు ముడతలు పడి ఉబ్బిపోయి ఉంది. బొటనవేలితో నొక్కితే టక్కున లోపలికి పోతుంది, వేలు తీస్తే టక్కున బయటికొస్తుంది.

"నాగేశ్వర్లు గారి షెడ్డని పేరు విని ఇంత దూరం వచ్చినా," అని మాత్రం అన్నదట టీచరు. తిట్టిపోసినా బాగుండేది.

"నేను గ్యాసు ముట్టను, నీకు తెలుసు," అన్నాడు కిరణ్. "నాకు కరెంటుతో అతికే మిషనుంది. ఆ అతుకు గ్యాసు మంటతో పెట్టింది. నాయన పని మానేసి ఏడాదిన్నరాయె. షెడ్డులో గ్యాసు పట్టేటోడివి నువ్వొక్కడివే. అవునా కాదా?"

"ఆ మంగళవారం నేను గిద్దలూరు పోయినా," అన్నాడు నరేష్ కంచంలోకి చూస్తూ. "తుప్పు కోసిపెట్టి పోయినా. సాయంత్రం వచ్చేసరికి అతుకు పెట్టి లప్పం పూసి ఉండె. నువ్వు చేసినావనుకున్నా."

"నేను పెయింటుకని ఒంగోలు పోయినా గదా! నేనొచ్చేసరికి నువ్వు దానిమీద ప్రైమరు కొడుతున్నావు. చెయ్యి పెట్టి చూడకుండానే కొట్టినావా? నువ్వు?"

ఆ మాట తనూజకీ గుచ్చుకుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. తన మొగుడు పెళ్ళికి కొన్న బీరువా తలుపు మీద కూడా అరచెయ్యి రాసి చూసి, ఎక్కడ సొట్టుందో చెప్పిన మనిషి. అలాంటివాడు లప్పం మీద చెయ్యి పెట్టకుండా ప్రైమరు కొట్టాడంటే నమ్మడానికి ఎవరూ పిచ్చివాళ్ళు కారు.

"ఏందిరా పొద్దున్నే ఈ గోల? మీ నాయన ఇంకా మందులేసుకోలే," అంది అత్త రామతులసమ్మ. గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువగా ఉంది.

మామ నాగేశ్వర్లు మంచం అంచున కూర్చుని తింటున్నాడు. ఎడమ చేతి వేలు ఒకటి కంచం అంచుకు ఆనించి ఉంచాడు. మనిషి తల ఎత్తలేదు.

"నాయనే చెప్పాల," అన్నాడు కిరణ్. "సాయంత్రం నాలుగ్గంటలకు షెడ్డుకు రా నాయనా. అప్పటిదాకా ఆ తలుపును ఎవ్వరూ ముట్టుకోవద్దు. చెయ్యి పెట్టి చెప్పు. అది అన్న చేతిదంటే షెడ్డు నాకొదిలి ఆయన రాచర్లలో మన చేను చూసుకుంటాడు. నాదంటే నేనే పోతా. నీ మాట మీద ఎదురు మాట్లాడను."

ఆ ఇంట్లో అది కోర్టు. రేకు మీద పాత పంచెగుడ్డ ఒక పొర పరిచి, దాని మీద అరచెయ్యి జరుపుతూ, ఇది ఫలానావాడి సుత్తి దెబ్బ అని నాగేశ్వర్లు చెప్పేవాడు. సుత్తి ఎవరు వేసినా ఒక్కలాగే ఉంటుందని మనలాంటివాళ్ళం అనుకుంటాం. ఆయనకి మాత్రం అది చేతిరాత. నలభై ఏళ్ళలో ఆయన చెప్పింది తప్పని ఎవరూ అనలేదు, అనేంత ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.

"ఏమంటావన్నా?"

"సరే," అన్నాడు నరేష్.

"నువ్వేమంటావు నాయనా?"

నాగేశ్వర్లు నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాచాడు. అత్త దాన్ని అందుకుని ఆయన చేతిలో పెట్టింది.

"వస్తా," అన్నాడు.

* * *

గదిలో చొక్కా వేసుకుంటున్న మొగుడి వెనకాల తనూజ తలుపు దగ్గరగా వేసింది.

"రాచర్ల పోతానని ఎట్ల ఒప్పుకున్నావు? ఆ చేలో ఏముంది? రెండేళ్ళ నుంచి కందికి కూడా గతి లేదు. సుత్తి తప్ప ఇంకేం పట్టినావు నువ్వు పుట్టినాక?"

"పోతానని యాడన్నా? నాయన చెప్పేది విందామన్నా."

"నాకు నిజం చెప్పు. గిద్దలూరులో ఎవరి బండి చూసినావు?"

గుండీ దగ్గర నరేష్ వేళ్ళు ఆగాయి. "డేవిడ్ లారీ. క్యాబిను నలిగింది. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహమేనా అది?" అని, టిఫిను సంగతి మర్చిపోయి, సుత్తుల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

బండి చప్పుడు మలుపు తిరిగేదాకా ఆగి, తనూజ డేవిడ్‌కి ఫోన్ చేసింది. చేస్తున్నంతసేపూ తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చేసింది.

"మంగళవారమా? వచ్చినాడు చెల్లెమ్మా. పొద్దున తొమ్మిదికొచ్చి నాలుగ్గంటలకు పోయినాడు. మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. ఏమైంది?"

"ఏం లేదన్నా," అని పెట్టేసింది. మొగుడు అబద్ధం చెప్పలేదు. గుండె తేలికపడాలి గదా? పడలేదు. అయితే మరి కిరణే గ్యాసుతో అతికి, కావాలనే అన్న మీదికి తోశాడా? షెడ్డు మీద కన్ను ఇవాళ్టిది కాదు వాడిది.

వెనక్కి తిరిగేసరికి తోడికోడలు స్రవంతి వాకిట్లో తడిబట్టలు చేతిలో పెట్టుకుని నిలబడి ఉంది.

"గిద్దలూరుకా అక్కా ఫోను?"

"నీకెందుకు?"

"నాకెందుకుండదు? మా ఆయన్ను దొంగను చేసేదానికే గదా ఈ ఫోను." బట్టలు తీగ మీద పడేసి, తన ఫోన్‌లో ఒక ఫోటో తెరిచి తనూజ మొహం ముందు పెట్టింది. "చూడు. మంగళవారం పన్నెండున్నర. ఒంగోలు పెయింటు దుకాణంలో నిలబడి, ఏ తెలుపు కావాల్నో చూపిస్తన్నాడు. ఇది గూడా నేనే పుట్టించినానా?"

కిరణ్ ఒంగోలులోనే ఉన్నాడు. వెనకాల పెయింటు డబ్బాల వరస కనపడుతూనే ఉంది.

"మా ఆయన నాలుగు దాకా గిద్దలూరులోనే ఉన్నాడంట. డేవిడ్ చెప్పినాడు."

"డేవిడ్ మీ ఆయన స్నేహితుడే గదక్కా," అంది స్రవంతి నవ్వకుండా.

"ఇద్దరూ లేకపోతే ఆ రేకు దానంతటదే అతుక్కుందా?"

స్రవంతి ఏదో అనబోయి వంటింటి వైపు చూసింది. అక్కడ రామతులసమ్మ చేట పట్టుకుని కూర్చుని ఉంది. బియ్యం ఏరుతున్నట్టే ఉంది గానీ చేతులు కదలడం లేదు. వీళ్ళిద్దరూ చూడగానే కదిలాయి.

* * *

పన్నెండున్నరకి క్యారియరు పట్టుకుని తనూజ షెడ్డుకి వెళ్ళింది. బయట ఎండ మండిపోతోంది. షట్టరు సగం దించి ఉంది. లోపలి నుంచి టకటకమని సన్నగా సుత్తి చప్పుడు వస్తోంది.

వంగి లోపలికి వెళ్ళి ఉలిక్కిపడింది. పద్మజ టీచరు కారు తలుపు ఊడదీసి స్టాండు మీద పెట్టి ఉంది. నరేష్ దాన్ని సాపు చేస్తున్నాడు.

ఉబ్బిన చోట గ్యాసు మంట పెట్టి, రూపాయి బిళ్ళంత మేర ఎర్రబడగానే మంట తీసేస్తున్నాడు. వెనక నుంచి ఇనుప దిమ్మె ఆనించి, ఎర్రటి చుక్క చుట్టూ సుత్తితో నెమ్మదిగా నాలుగు దెబ్బలు వేస్తున్నాడు. వెంటనే తడిగుడ్డ అద్దుతున్నాడు. చుయ్యిమని ఆవిరి లేచి, సాగిపోయిన రేకు ఆ చుక్క దగ్గర ముడుచుకుంటోంది. పక్కనే ఇంకొకటి పెట్టకుండా జానెడు దూరం జరిగి అక్కడ మొదలుపెడుతున్నాడు. తలుపు సగం అప్పటికే అద్దంలా ఉంది.

మామూలుగా అయితే ఆ పని చూస్తూ నిలబడిపోయేది తనూజ. ఇవాళ నేరుగా స్టాండు దగ్గరికి వెళ్ళింది.

"సాయంత్రం దాకా ఎవ్వరూ ముట్టుకోవద్దన్నాడు గదా కిరణ్!"

"టీచరుకు బండి కావాల."

"టీచరుకేనా? లేకపోతే మామ చెయ్యి పెడితే దొరక్కుండానా?"

నరేష్ సుత్తి దించాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా భరించేది.

"డేవిడ్‌కు ఫోను చేసినావంట గదా," అన్నాడు. "అన్నం పెట్టు."

సిగ్గుతో తనూజ మొహం కాలిపోయింది. క్యారియరు విప్పింది. తాగే నీళ్ళ క్యాను ఖాళీగా ఉంది. సీసా పట్టుకుని ఎదురుగా ఉన్న టీకొట్టుకి వెళ్ళింది.

టీకొట్టు మాల్యాద్రి నీళ్ళు పడుతూ అడిగాడు. "ఏందమ్మా, అన్నదమ్ములు కొట్టుకుంటన్నారంట?"

"టీచరు కారు పని చేసిన మంగళవారం షెడ్డులో ఎవరున్నారు మాల్యాద్రన్నా?" అడగాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"ఎవరుండారు? ఇద్దరూ లేకపాయె. పెద్దాయనొక్కడే." సీసా మూత బిగించి ఇచ్చాడు. "పది దాటినాక ఇదే మాదిరి షట్టరు సగం దించుకున్నాడు. ఒక బకెట్టు నీళ్ళడిగితే నేనే తీసకపోయి పెట్టినా. 'మానేసినావు గదా మామా, ఇప్పుడెందుకు?' అంటే నవ్వినాడు. ఆ టీచరమ్మ నా పేరు చెప్పుకోని వచ్చిందిరా, ఇదొక్కటి నా చేత్తో చేసిస్తా అన్నాడు."

తనూజ రోడ్డు ఎలా దాటిందో ఆమెకే తెలియదు. ఆటోవాడు ఒకడు తిట్టి పోయాడు.

"మామ గదా?" అంది షట్టరు కింద నుంచి లోపలికి వస్తూనే.

నరేష్ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"ఆ రోజే తెలుసు నీకు," అంది తనూజ.

"లప్పం మీద చెయ్యి పెట్టంగానే తెలిసింది," అన్నాడు. "ఆయన పని చెరిపేదానికి చేతులు రాక ప్రైమరు కొట్టినా. రేకును ఎట్ల అతకాలో నాకు నేర్పినోడాయన. ఈడొక చుక్క, ఆ చివరొక చుక్క. మధ్యలో చేతి వెనకభాగం ఆనిస్తే కాలనంత చల్లారాల. అప్పుడింకో చుక్క. చిన్నప్పుడు తొందరపడితే తొడపాశం పెట్టేటోడు. అట్లాంటాయన ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క గీత లాగినాడు తనూజా. మంట ఎత్తకుండా. రేకంతా కాగిపోయి ముడత పడకుండా ఏమైతది?"

"ఎందుకట్ల చేసినాడు? మర్చిపోయినాడా?"

"అదే అర్థం గాలే నాకు."

తనూజకి అర్థమైంది. అన్నం తినేటప్పుడు కంచం అంచు మీద నుంచి తీయని వేలు, చేతిలో పెడితే గానీ అందుకోని చెంబు, నాలుగు నెలలుగా తెరవని పేపరు. రోజూ వడ్డించే మనిషి కాబట్టి ఆమెకి కనపడ్డాయి. కనపడ్డా ముసలితనమనుకుని వదిలేసింది.

"మంట ఎత్తితే మళ్ళీ ఆ చోటు దొరకదని," అంది మెల్లగా. "మామకు కండ్లు ఆనడంలే."

నరేష్ అన్నం కంచం పక్కన పెట్టేశాడు. మొహం తిప్పుకున్నాడు. అంత పెద్ద మగాడు అలా మొహం తిప్పుకుంటే తనూజకి ఏం చేయాలో తోచలేదు. భుజం మీద చెయ్యి వేసింది.

"కిరణ్‌కు చెప్పు. ఇప్పుడే చెప్పు. మామను అందరి ముందు నిలబెట్టొద్దు."

"నేను చెప్తే నమ్ముతాడా? నా తప్పు ముసలాయన మీదికి తోస్తన్నానంటాడు." చేతులు కడుక్కుని మళ్ళీ సుత్తి తీసుకున్నాడు. "చెయ్యి పెడితే నాయనకే తెలుస్తది. ఆయనే చెప్తాడు. నలభై ఏండ్లలో ఆ చేత్తో అబద్ధం చెప్పలే ఆయన. నేను చేస్తన్నదేమంటావా, సగమన్నా సాపు చేసి పెడితే మిగతా సగమే తడుముకుంటాడు. కొంచెం తక్కువ నొస్తది ఆయనకు."

* * *

నాలుగ్గంటలకి అందరూ వచ్చారు. కిరణ్ తండ్రిని బండి మీద దించాడు. వెనకాల ఆటోలో అత్తా, స్రవంతీ.

తలుపు చూడగానే కిరణ్ మొహం ఎర్రబడింది. "చూసినావా అమ్మా! సగం చెరిపేసినాడు. తప్పు లేనోడు ఎందుకు చెరుపుతాడు?"

"మిగతా సగం ఉంది గదరా," అన్నాడు నరేష్.

"ఉంచినావు, చాలా గొప్ప."

రామతులసమ్మ వచ్చి తనూజ పక్కన నిలబడింది. ఆమెకి ఊపిరి కొంచెం ఎగపోస్తోంది. ఆటోలో వచ్చిన మనిషికి అంత ఆయాసమెందుకో.

నరేష్ పాత పంచెగుడ్డ తీసి రేకు మీద పరిచాడు. తండ్రి ముంజేయి పట్టుకుని స్టాండు దగ్గరికి తీసుకొచ్చి, ఆయన అరచేతిని గుడ్డ మీద పెట్టి, పక్కకి తప్పుకున్నాడు.

నాగేశ్వర్లు కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి ముందు సాపు చేసిన సగం మీద నడిచింది. పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. కొడుకు పని బాగుందని ఆయనకి తెలిసింది. అది చూసి తనూజకి ధైర్యం వచ్చింది. తెలుస్తుంది ఈయనకి. అన్నీ తెలుస్తాయి.

చెయ్యి రెండో సగంలోకి జరిగింది. నవ్వు పోయింది.

ముడతల మీదుగా, గుంటల మీదుగా వెళ్ళింది. అతుకు గీత దొరికింది. దాని వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. మూడోసారి మధ్యలో ఆగి అక్కడే ఉండిపోయింది.

"ఎవరిది నాయనా?" అన్నాడు కిరణ్.

నాగేశ్వర్లు గుడ్డ మీది నుంచి చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"పెద్దోడిది," అన్నాడు.

తనూజ తన చెవులు తాను నమ్మలేదు. మొగుడి వైపు చూసింది. నరేష్ తండ్రినే చూస్తున్నాడు. సుత్తి దెబ్బ వేలి మీద పడినప్పుడు కూడా నరేష్ మొహం అలా అవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చెప్తాడు. టీకొట్టు మాల్యాద్రిని పిలుస్తాడు. అరుస్తాడు.

"అవును నాయనా," అన్నాడు నరేష్. "నాదే."

కిరణ్ చూపు అన్న మీది నుంచి తలుపు మీదికి పోయింది. గెలిచినవాడి మొహం కాదది. స్రవంతి తనూజ కళ్ళలోకి చూడలేక నేల చూసింది.

తనూజ ఒక అడుగు ముందుకి వేసింది. వెనక నుంచి అత్త ఆమె మణికట్టు పట్టుకుంది. గాజులు లోపలికి దిగేంత గట్టిగా పట్టుకుంది. చెప్పొద్దు అన్న పట్టు అది.

అయితే అత్తకీ తెలుసు. ఎప్పటి నుంచి? మంగళవారం నుంచా? పొద్దున కొడుకులిద్దరూ కొట్టుకుంటున్నప్పుడు కూడా తెలిసే ఊరుకుందా? మరి ఈయన? ఆ చెయ్యి నిజంగా తప్పిందా, తెలిసే కొడుకు మీద పెట్టాడా? కళ్ళతో పాటు చెయ్యి కూడా పోయిందంటే జాలిపడాలి. పోలేదంటే ఈ ఇంట్లో ఇక ఎవరి చేతి అన్నం తినాలి?

"తనూజా, పోదాం పద," అన్నాడు నరేష్.

ఆమె అత్త వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుంది.

"మామా," అంది. "ఇంకొక్కసారి చెయ్యి పెట్టి చెప్పు."

నాగేశ్వర్లు మొహం ఆమె మాట వచ్చిన వైపు తిరిగింది. చెయ్యి మాత్రం లేవలేదు.